చెయ్యి పట్టుకునే ముందు

సాయం చేయడంలో మన జనానికి ఎవరూ వంక పెట్టలేరు. కృష్ణపట్నం నుంచి ముత్తుకూరు మీదుగా నెల్లూరు వెళ్లే బస్సు ఎక్కబోతున్న చూపులేని మనిషిని ఒకరిని ఊహించుకోండి. ఆయన చేతికర్రతో ఫుట్‌బోర్డు ఎత్తు చూసుకునేలోపే ఇద్దరు ముగ్గురు ముందుకొస్తారు. ఒకరు రెక్క పట్టుకుంటారు, ఇంకొకరు నడుం మీద చెయ్యేసి పైకి నెడతారు, లోపలున్నవాళ్లు ‘జరగండి, జరగండి, పాపం కళ్లు కనపడవు’ అని కేకలేస్తారు. ఆయన్ను సీట్లో కూలేస్తారు. సాయం చేసిన అందరి మనసూ చల్లబడుతుంది. ఆ గడబిడలో కర్ర ఎటు పోయిందో, సంచి ఎవరి చేతిలో ఉందో, తనను పట్టుకున్నది ఎవరో ఆయనకు తెలియదు. అసలు ఆయన ఎక్కాలనుకున్న బస్సు అదేనా అన్నది కూడా ఎవరూ అడగలేదు. వైకల్యం ఉన్నవారితో మన వ్యవహారంలో లోపం సరిగ్గా ఇక్కడుంది. మంచితనం తక్కువై మనం తప్పు చేయడం లేదు, అడగకుండా చేస్తున్నాం. సాయం కావాలా అని అడగడం, జవాబు వచ్చేదాకా ఆగడం, వచ్చిన జవాబు ఏదైనా దానికి కట్టుబడటం. మర్యాద అన్నది ఈ మూడింటిలో ఉంది. తక్కినదంతా దీని నుంచి పుట్టుకొచ్చేదే.

ఇది కొద్దిమంది సంగతి అనుకోవడానికి వీల్లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది వికలాంగులుగా నమోదయ్యారు. దేశం మొత్తం లెక్క చూస్తే ఇది జనాభాలో 2.21 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేసిన అంచనా ప్రకారం భూమ్మీద 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నారు. రెండు లెక్కల మధ్య ఇంత తేడా రావడానికి కొలిచే పద్ధతులు వేరు కావడం ఒక కారణమైతే, ఇంట్లో ఉన్న వైకల్యాన్ని లెక్కలు రాసుకునే మనిషికి చెప్పుకోవడానికి కుటుంబాలు జంకడం మరో కారణం. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వాటిని ఇరవై ఒకటికి పెంచింది. తలసీమియా, హీమోఫీలియా, పార్కిన్‌సన్స్, ఆటిజం, యాసిడ్ దాడి గాయాలు, నయమైన కుష్ఠు మిగిల్చిన లోపాలు అన్నీ అందులో ఉన్నాయి. కృష్ణపట్నం లాంటి ఊరికి వీటితోపాటు బతుకుదెరువు తెచ్చిపెట్టే ముప్పు కూడా ఉంది. 2008లో రేవు మొదలయ్యాక పోర్టు రోడ్డు మీద లారీల రాకపోకలు పెరిగాయి. సముద్రం మీద వేట, రేవులో ఎగుమతి దిగుమతులు, నేలటూరు పక్కన థర్మల్ విద్యుత్ కేంద్రం, ఇవన్నీ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పనులు. వయసు మీద పడితే మోకాళ్లు, చెవులు, చూపు ఎవరికైనా ఒక్కొక్కటే మొరాయిస్తాయి. ఈ మర్యాద పరాయివాళ్ల కోసం నేర్చుకునేది అనుకోవడం తెలివైన పని కాదు.

మరి ఇంత దగ్గరి విషయంలో మనం ఎందుకు తడబడతాం? 1966లో అమెరికాలో రాబర్ట్ క్లెక్, హిరోషి ఓనో, ఆల్బర్ట్ హేస్టార్ఫ్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. తమ తరఫు మనిషిని కొందరి ముందు మామూలుగా కూర్చోబెట్టారు, మరికొందరి ముందు కాలు లేనట్టు కనిపించేలా చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. చక్రాల కుర్చీ ఎదుట కూర్చున్నవాళ్లు ఒంట్లో బిగుసుకుపోయారు, మాటలు తొందరగా ముగించేశారు, తమ మనసులో మాట పక్కన పెట్టి ఎదుటివాళ్లకు నచ్చుతుందనుకున్నదే చెప్పారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2014లో, బ్రిటన్‌లో స్కోప్ అనే సంస్థ జరిపిన సర్వేలో నూటికి 67 మంది వికలాంగులతో మాట్లాడటం తమకు ఇబ్బందిగా ఉంటుందని ఒప్పుకున్నారు. యువతలో అయిదుగురిలో ఒకరు, ఏం మాట్లాడాలో తెలియక అసలు మాట్లాడకుండానే తప్పుకున్నారు. ఈ బెరుకు పడమటి దేశాల సొత్తేమీ కాదు. అక్కడ అది తప్పుకుపోవడంగా బయటపడితే, ఇక్కడ చాలాసార్లు మీదపడి సాయం చేయడంగా బయటపడుతుంది. రెండింటిలోనూ జరగనిది ఒక్కటే, మామూలు సంభాషణ.

బెరుకు పోవాలంటే వాళ్ల బాధ మనం అనుభవించి చూడాలని ఒక ఆలోచన ఉంది. డిసెంబర్ 3న అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం వస్తే చాలు, బడుల్లో పిల్లల కళ్లకు గంతలు కట్టి నడిపించడం పరిపాటైంది. ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం బెడిసికొడుతోంది. చూపులేని మనస్తత్వ పరిశోధకురాలు ఏరియల్ సిల్వర్‌మన్, ఆమె సహచరులు 2014లో ప్రచురించిన పరిశోధనలో, కాసేపు గంతలు కట్టుకుని తడుముకున్నవాళ్లు, చూపులేనివారు ఉద్యోగం చేయగలరనీ సొంతంగా బతకగలరనీ మునుపటికన్నా తక్కువగా నమ్మారు. కారణం ఆలోచిస్తే తేలిగ్గానే అర్థమవుతుంది. గంతలు కట్టుకున్న పిల్లాడు అనుభవించేది చూపు పోయిన మొదటి పది నిమిషాల భయాన్ని. ఇరవై ఏళ్లుగా అలవాటుపడి, కర్ర చప్పుడుతో గోడ ఎక్కడుందో పసిగట్టి, గొంతు విని మనిషిని గుర్తుపట్టి, ఫోను చదివి వినిపిస్తుంటే బ్యాంకు పనులు చక్కబెట్టుకునే మనిషి నైపుణ్యం ఆ పిల్లాడికి గంతల చాటున కనపడదు. 1999లో గ్యారీ ఆల్‌బ్రెక్ట్, పాట్రిక్ డెవ్లీగర్ అనే పరిశోధకులు తీవ్రమైన వైకల్యాలున్న 153 మందితో మాట్లాడితే సగానికి పైగా తమ బతుకు బాగుంది, చాలా బాగుంది అనే చెప్పారు. బయటినుంచి చూసేవాళ్లు వేసే లెక్కకూ, బతుకుతున్నవాళ్లు చెప్పే లెక్కకూ పొంతన లేదు. అందుకే ఎదుటివారి అవసరం మన ఊహకు అందుతుందన్న నమ్మకాన్ని వదులుకోవాలి. తెలుసుకునే దారి అడగడమే.

ఈ ఊహలకు మన దగ్గర మరో వేరు ఉంది. వైకల్యాన్ని పూర్వజన్మ పాపమనో, తల్లిదండ్రుల ఖర్మ అనో అనుకునే అలవాటు ఇంకా పోలేదు. ఖర్మ అనుకున్నాక జాలిపడటం తప్ప మాట్లాడటానికి ఏమీ మిగలదు. ఈ నమ్మకాన్ని కొట్టిపారేసే సాక్ష్యం నెల్లూరు జిల్లా చరిత్రలోనే ఉంది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రవేత్తలు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఒక నివేదిక ప్రచురించారు. నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్నెముక కర్రలా బిగుసుకుపోయి, కీళ్లు మడవలేక, నడుం వంగిపోయి మంచానపడుతున్న మనుషులను వాళ్లు పరీక్షించారు. కారణం వాళ్లు తాగే నీళ్లలోని ఫ్లోరైడ్. మన దేశంలో మనుషుల ఎముకల ఫ్లోరోసిస్‌ను వివరించిన తొలి నివేదికల్లో ఇదొకటి. తర్వాత 1970లో ఒంగోలు జిల్లాలో కలిసిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లావే. ఒక బావి నీళ్లు తాగిన ఊరు వంగిపోయింది, మరో బావి నీళ్లు తాగిన ఊరు నిటారుగా నిలబడింది. ఇందులో ఎవరి పాపమూ లేదు. తాగే నీళ్లు మనుషులను వికలాంగులను చేస్తాయని ఈ జిల్లాకు దాదాపు తొంభై ఏళ్ల కిందటే తెలిసింది. వేసిన రోడ్డు, వేయని టీకా, కట్టిన మెట్లు కూడా అంతే. అలాంటప్పుడు ‘అయ్యో, ఏం పాపం చేసుకున్నావో’ అని ఇప్పటికీ ముఖం మీదే అనడం అజ్ఞానంతోపాటు అన్యాయం కూడా.

అడగడం అన్నది తీపి మాటల వ్యవహారం కాదు, అధికారానికి సంబంధించిన విషయం. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన, 2007లో మన దేశం ధ్రువీకరించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక తన సూత్రాల్లో మొట్టమొదట పేర్కొన్నది మనిషి గౌరవాన్నీ, తన నిర్ణయాలు తను తీసుకునే స్వేచ్ఛనూ. మన 2016 చట్టం 13వ సెక్షన్ వికలాంగులకు ఆస్తి మీద, డబ్బు వ్యవహారాల మీద అందరితో సమానమైన హక్కు ఇచ్చింది. వాళ్లకు తోడుగా ఉండేవాళ్లు ఒత్తిడి చేయకూడదనీ, వాళ్ల స్వతంత్రాన్ని, గోప్యతను మన్నించాలనీ ప్రత్యేకంగా చెప్పింది. అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి జీజా ఘోష్ కేసు చాలు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఈ హక్కుల కార్యకర్త 2012 ఫిబ్రవరిలో గోవాలో ఒక సదస్సుకు వెళ్లడానికి కోల్‌కతాలో స్పైస్‌జెట్ విమానం ఎక్కి కూర్చున్నారు. ఆమె వాలకం చూసి సిబ్బంది కిందికి దించేశారు. వైద్యుల సలహా తీసుకోలేదు. 2016 మే 12న సుప్రీంకోర్టు ఆ సంస్థ 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. చేసినవాళ్లు తాము భద్రత కోసమే చేశామన్నారు. మీదపడి సాయం చేసేవాళ్లు, భద్రత పేరుతో దించేసేవాళ్లు పైకి ఎదురెదురుగా కనిపిస్తారు. ఇద్దరూ చేసింది ఒకటే, ఎదుటి మనిషి ఒంటి గురించి ఆ మనిషిని అడగకుండా తామే తీర్పు ఇవ్వడం.

ఇక ఆచరణ. చూపులేనివారి దగ్గరికి వెళ్తే ముందు మీరెవరో చెప్పండి. ‘అన్నా, నేను ఫలానా వాళ్ల అబ్బాయిని, చెయ్యి ఇమ్మంటారా?’ అంటే చాలు. సరేనంటే మీ మోచెయ్యి అందించండి. ఆయన దాన్ని పట్టుకుని అరడుగు వెనకగా నడుస్తారు. మీ ఒంటి కదలికను బట్టి మలుపు, మెట్టు ఆయనకు ముందే తెలుస్తాయి. మీరే ఆయన రెక్క పట్టి తోస్తే తెలియని నేల మీద ఆయన మీకన్నా ముందు అడుగు వేయాల్సి వస్తుంది. ‘ఇటు’, ‘అక్కడ’ లాంటి మాటలు ఆయనకు అక్కరకు రావు. ‘ఎడమ చేతి వైపు మూడు మెట్లు దిగాలి’ అంటే పనికొస్తుంది. వెళ్లిపోయేటప్పుడు చెప్పి వెళ్లండి, లేకపోతే ఎవరూ లేని చోట ఒక మనిషిని మాట్లాడుతూ నిలబెట్టినవాళ్లవుతారు. చక్రాల కుర్చీ, మూడు చక్రాల బండి, చంకకర్రలు ఆ మనిషి ఒంటికిందే లెక్క. వాటి మీద ఆనుకోవడం, సంచులు తగిలించడం, చెప్పకుండా నెట్టడం ఒంటి మీద చెయ్యి వేయడంతో సమానం. ఆసుపత్రుల్లో, గుళ్లలో అడ్డంగా ఉన్నాయని చంకకర్రలు తీసి దూరంగా గోడకు ఆనించడం చాలా మామూలుగా జరిగిపోతుంది. అలా చేస్తే ఆ మనిషి లేచి వెళ్లే స్వేచ్ఛను మీరు చేతుల్లోకి తీసుకున్నట్టు. కుర్చీలో ఉన్నవారితో అయిదు నిమిషాలకు మించి మాట్లాడేటప్పుడు మీరూ ఒక స్టూలు లాక్కుని కూర్చోండి, మెడ నొప్పి వాళ్లకు తప్పుతుంది.

వినపడనివారితో అరవడం వల్ల ప్రయోజనం లేదు. అరిస్తే పెదాల ఆకారం చెదురుతుంది, ముఖం కోపంగా కనపడుతుంది. వాళ్ల ఎదుటికి వచ్చి, వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మామూలు వేగంతో మాట్లాడాలి. అయినా పెదాలను చదవడం మనం అనుకున్నంత సులువు కాదు. అద్దం ముందు నిలబడి గొంతు పెగలకుండా ‘పాట’, ‘బాట’, ‘మాట’ అని పలికి చూడండి. మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి. సందర్భాన్ని బట్టి ఏది ఏదో పోల్చుకునే భారం మొత్తం ఎదుటి మనిషి మోస్తున్నారు. అందుకే అర్థం కాలేదంటే అదే మాట పదేపదే అనకుండా వేరే మాటల్లో చెప్పాలి, లేదా ఫోనులో టైపు చేసి చూపించాలి. ‘ఏం లేదులే, తర్వాత చెప్తా’ అనడం మాత్రం వద్దు. బంతిలో అందరూ నవ్వుకుంటున్న మాటేమిటో ఒక్కరికి చెప్పకపోతే, పక్కనే కూర్చున్నా వాళ్లను వెలివేసినట్టే. నత్తి ఉన్నవారి వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి, ఆగండి. మేధో వైకల్యం ఉన్న ముప్పై ఏళ్ల మనిషితో చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడకండి. చిన్న వాక్యాలు, ఒకసారికి ఒక ప్రశ్న, జవాబుకు తగిన సమయం ఇస్తే ఆయనే చెప్తారు. పిల్లలెవరైనా ‘ఈయనకు కాలెందుకు లేదు?’ అని గట్టిగా అడిగితే వాళ్ల నోరు మూయించకండి. పెద్దల చూపులకన్నా ఆ ప్రశ్నే నయమని చాలామంది వికలాంగులు అంటారు. చెప్పడమా మానడమా అన్నది ఆయన ఇష్టానికి వదిలేయాలి.

మన సమాజంలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే అమర్యాద, పక్కన ఉన్నవారితో మాట్లాడటం. ‘ఈమెకు ఏం కావాలంట?’ అని చెల్లెల్ని అడుగుతారు, ‘ఇతనికి వేలిముద్ర పడుతుందా?’ అని కొడుకుని అడుగుతారు. మనిషి ఎదురుగా ఉండగానే లేనట్టవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 3,000 రూపాయల నుంచి 6,000కు పెరిగింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 అయింది. నెల మొదట్లో సచివాలయం సిబ్బంది గడప దగ్గరికి తెచ్చిస్తున్నారు. ఇది నిజంగా గొప్ప మార్పు, చాలా ఇళ్లలో వికలాంగుల మాటకు ఈ డబ్బు కొంత బరువు తెచ్చింది కూడా. ఆ ఆరు వేలు వాళ్ల చేతికే ఇచ్చి, లెక్క వాళ్లకే చెప్పి, సంతకమో ముద్రో వాళ్లనే పేరు పెట్టి అడగడానికి అదనంగా పైసా ఖర్చు లేదు. పిలుపులో కూడా ఇదే జరుగుతుంది. అదే వయసున్న మరొకరిని ‘అన్నా’, ‘మీరు’ అనే నోరు, వికలాంగుడు కనిపించేసరికి ‘ఏరా’, ‘నువ్వు’ అయిపోతుంది. యాభై ఏళ్ల మనిషిని కూడా ఇంటిపేరుతోనో వరసతోనో కాక అవయవం పేరుతో పిలవడం పల్లెల్లో ఇంకా నడుస్తోంది. ప్రేమగానే పిలుస్తాం, ఆయనేమీ అనుకోడు అని చెప్పుకుంటారు. ఆయన్ను ఎన్నడైనా అడిగారా? ఊరంతా ఒక మాట అంటున్నప్పుడు ఒంటరి మనిషి నవ్వి ఊరుకోవడాన్ని సమ్మతి కింద జమ కట్టకూడదు.

‘మంచి మనసుతో చేసినా తప్పేనా?’ అన్న ప్రశ్న ఇక్కడ తప్పక వస్తుంది. మనసు మంచిదే, ఒప్పుకుందాం. ఇబ్బందల్లా ఆ మంచి మనసు ‘వద్దు’ అన్న జవాబును తట్టుకోలేకపోవడం. పరిశోధకురాలు కేటీ వాంగ్, ఆమె సహచరులు 2015లో ప్రచురించిన పరిశోధనలో, చూపులేని మనిషి ఒకరు తనను చిన్నచూపు చూస్తూ అంటగట్టిన సాయాన్ని ఎదిరించి మాట్లాడితే, చూసినవాళ్లు ఆ మనిషినే మొరటువాళ్లుగా తీర్మానించారు. బూతులు తిట్టినవాళ్లను ఎదిరిస్తే సమర్థించే లోకం, జాలిపడినవాళ్లను ఎదిరిస్తే ‘కృతజ్ఞత లేదు’ అంటుంది. అంటే అడగని సాయం ఆ మనిషిని ఇరకాటంలో పెడుతోంది. ఒప్పుకుంటే ఒంటి మీద హక్కు పోతుంది, కాదంటే ఊళ్లో పేరు పోతుంది. నిజంగా మేలు కోరేవారు ఎదుటివారిని ఆ ఇరకాటంలో పెట్టరు. నాగార్జున, కార్తి నటించిన ‘ఊపిరి’ 2016లో వచ్చింది. మెడ కింద కదలిక లేని అందులోని ధనవంతుడు, ఎందరో అనుభవజ్ఞులను కాదని జైలు నుంచి వచ్చిన కుర్రాణ్ని తోడుగా ఎంచుకోవడానికి కారణం, ఆ కుర్రాడి చూపులో జాలి లేకపోవడం. తెలుగు ప్రేక్షకులు ఆ సంగతిని థియేటర్లో బాగానే అర్థం చేసుకున్నారు.

అవమానించకుండా ఆపడానికి చట్టం ఉంది కదా అనేవారూ ఉన్నారు. ఉంది. 2016 చట్టం 92వ సెక్షన్ ప్రకారం నలుగురి ఎదుట వికలాంగులను కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలు, జరిమానా. 2024 జులై 8న నిపున్ మల్హోత్రా కేసులో సుప్రీంకోర్టు సినిమాల్లో, టీవీల్లో వైకల్యాన్ని హేళనకు వాడటం గురించి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. నత్తినీ చెవుడునీ దశాబ్దాలుగా హాస్యానికి ముడిసరుకు చేసుకున్న తెలుగు సినిమా ఆ తీర్పును శ్రద్ధగా చదవాలి. అయితే చట్టం చెయ్యి ‘కావాలని’ చేసినదాని దాకానే సాగుతుంది. బస్సు దగ్గర రెక్క పట్టి లాగినవాళ్లు కావాలని అవమానించలేదు. రోజువారీ అమర్యాదలో ఎక్కువ భాగం ఇలాంటిదే, దానికి పోలీసు కేసు మందు కాదు.

వైకల్యం కంటికి కనపడనప్పుడు జాలి స్థానంలో అనుమానం వచ్చి కూర్చుంటుంది. ‘బాగానే నడుస్తున్నావే, నీకు పింఛనెందుకు?’ అన్న మాట 2025లో వికలాంగ పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు మరింత పెరిగింది. దొంగ సర్టిఫికెట్లు లేవా అంటే ఉన్నాయి, వాటిని ఏరివేయాల్సిందే. అయితే ఆ పని వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో కూర్చున్న వైద్యులది. పక్కింటివారిది కాదు, బస్సులో సీటు కోసం నిలబడినవారిదీ కాదు. హీమోఫీలియా ఉన్న కుర్రాడు చూడటానికి ఆరోగ్యంగానే ఉంటాడు, కీలు లోపల రక్తస్రావం ఎవరికీ కనపడదు. ఒకరి ఒంట్లో ఏముందో రుజువు చేయమని నలుగురిలో నిలదీయడం, అడగకుండా ఎత్తి సీట్లో కూర్చోబెట్టడం కన్నా ఏ రకంగానూ మెరుగు కాదు. కార్డు ఉంటే నమ్మండి, కార్డు అడిగే పని మీది కాకపోతే నోటిమాటనే నమ్మండి.

జాలికి ఎదురు ప్రశంస అనుకుని కొందరు అటువైపు ఒరుగుతారు. బజారుకెళ్లి కూరగాయలు తెచ్చుకున్నా ‘ఎంత ధైర్యమమ్మా నీది’ అంటారు. ఆస్ట్రేలియా పాత్రికేయురాలు స్టెల్లా యంగ్, చక్రాల కుర్చీలోనే జీవితం గడిపిన మనిషి, 2014లో సిడ్నీ వేదిక మీద ఈ ధోరణిని నిర్మొహమాటంగా విమర్శించారు. వికలాంగులను ఇతరుల ఉత్సాహం కోసం బొమ్మలుగా నిలబెట్టడం కూడా వాళ్లను తక్కువ చేయడమేనని ఆమె వాదన. తెలుగువారికి ఇది జైపాల్ రెడ్డి విషయంలో అర్థం కావాలి. పోలియో వల్ల చిన్నతనం నుంచి చంకకర్రలతో నడిచిన ఆయన కేంద్రమంత్రి అయ్యారు, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్నారు. ఆయన్ను మెచ్చుకున్నవారు ఆయన వాక్పటిమను మెచ్చుకున్నారు, విభేదించినవారు ఆయన రాజకీయాలతో విభేదించారు. ఆయనకు దక్కిన ఆ మామూలు వాదోపవాదమే అసలైన గౌరవం. అది కేంద్రమంత్రులకే దక్కితే సరిపోదు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి చూపు లేదన్న కారణంతో అనుమతి ఇవ్వలేదు. కోర్టుకు వెళ్లి గెలిచి చదివి, ఇంటర్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకుని, అమెరికాలోని ఎంఐటీకి వెళ్లొచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. ఆయన కథను విజయగాథగా చెప్పుకుంటున్నాం. ‘నువ్వు ఈ పాఠం ఎలా చదువుతావు, నీకేం కావాలి?’ అని మొదటి రోజే అడిగి ఉంటే ఒక పదిహేనేళ్ల పిల్లాడు న్యాయస్థానం మెట్లెక్కే అవసరం లేకపోయేది. కోర్టు దాకా వెళ్లలేక ఆగిపోయిన పిల్లల పేర్లు మనకు తెలియవు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం హక్కుల ఉద్యమం వైపు నుంచి వస్తుంది. ముందు ర్యాంపులు, ఉద్యోగాలు, బడులు ఇవ్వండి, మర్యాదలు తర్వాత నేర్చుకుందురు గానీ అంటారు. వాళ్ల కోపం న్యాయమైనది. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరీ కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేసిన నిబంధన చెల్లదని, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం వచ్చి దాదాపు ఎనిమిదేళ్లయ్యాక కూడా ఆ మాట కోర్టు చెప్పాల్సి వచ్చిందంటే నిర్లక్ష్యం ఎంతో తెలుస్తుంది. కానీ ర్యాంపు లేకపోవడం, మర్యాద లేకపోవడం వేర్వేరు జబ్బులు కావు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉంటేనే చక్రాల కుర్చీ సొంతంగా ఎక్కగలదన్నది ప్రమాణం. మన ప్రభుత్వ భవనాల ముందు కట్టిన ర్యాంపులు ఎన్నో నిటారుగా ఉండి, ఎక్కాలంటే వెనక ఇద్దరు తోయాల్సిందే. ఖర్చు పెట్టారు, సిమెంటు పోశారు, ఒక్క వికలాంగుణ్ని పిలిచి ‘ఇది ఎక్కగలవా?’ అని అడగలేదు. మనుషులను అడిగే అలవాటు లేని చోట కట్టడాలు కూడా ఇలాగే వస్తాయి. రేవు చుట్టూ ఉన్న కంపెనీలకూ ఇదే వర్తిస్తుంది. సమాన అవకాశాల విధానం ప్రకటించాలని 21వ సెక్షన్ చెబుతోంది. ఆ కాగితం గోడకు అంటించినంత మాత్రాన, ఇంటర్వ్యూలో ‘నీవల్ల కాదులే’ అనే నోరు మారదు. ‘ఈ పని మీరు ఏ పద్ధతిలో చేస్తారు?’ అని అడిగే ఒక్క అధికారి ఉంటే మారుతుంది.

ఇన్ని నియమాలు పెడితే జనం భయపడి దూరం జరుగుతారన్న ఆందోళనకు జవాబు సులువు. ఇక్కడ బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు. చూపులేనివారితో ‘రేపు చూద్దాం’ అన్నారని నాలిక కరుచుకోనక్కర్లేదు, వాళ్లూ అలాగే మాట్లాడతారు. పొరపాటు చేస్తే ‘క్షమించండి’ అని మామూలుగా ముందుకు సాగండి.

2016 చట్టం 47వ సెక్షన్, పంచాయతీ సభ్యులు, పోలీసులు, అధికారులు, న్యాయవాదులకు ఇచ్చే శిక్షణలన్నింటిలో వికలాంగుల హక్కుల పాఠం తప్పనిసరి చేయాలని చెబుతోంది. నెల్లూరులోనే వికలాంగుల పునరావాసం, శిక్షణ కోసం కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం ఒకటి ఉంది, అడిగితే వచ్చి చెప్పగలవారు జిల్లాలోనే ఉన్నారు. మీది కృష్ణపట్నమైనా మరే ఊరైనా, వచ్చే గ్రామసభలో లేచి నిలబడి రెండు విషయాలు అడగండి. మన పంచాయతీ సభ్యులకు, సచివాలయం సిబ్బందికి ఈ శిక్షణ జరిగిందా? జరిగితే ఆ పాఠం చెప్పింది మన ఊళ్లోని వికలాంగులేనా? కాకపోతే ఈసారి వాళ్లచేతే చెప్పించమని పట్టుబట్టండి.